ఇంటి చదువుకు ఒక చిట్టా

మా నాన్న మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేశారు. చిన్నప్పుడు సాయంత్రం పూట ఆయనను పిలుచుకు రమ్మని అమ్మ పంపితే, ఆఖరి లారీ గేటు దాటిపోయిన తరువాత కూడా ఆయన ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడవాటి పుస్తకం ముందు కూర్చొని కనిపించేవారు. ఆ పుస్తకం చిట్టా. ఆ రోజు ఎన్ని బస్తాల వడ్లు దిగాయి, ఎవరికి ఎంత ముట్టింది, తవుడు ఎంతకు పోయింది, హమాలీలకు ఎంత ఇచ్చారు అన్నది జరిగింది జరిగినట్టుగా, జరిగిన వరుసలోనే అందులో ఎక్కేది. దాని పక్కన మరింత లావుపాటి పుస్తకం ఇంకొకటి ఉండేది. అది ఆవర్జా. చిట్టాలో తారీఖుల వారీగా పడిన పద్దులను తీరిక చూసుకొని ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారివి ఎక్కించేవారు. చిట్టా తెరిస్తే ఒక రోజు కనబడుతుంది. ఆవర్జా తెరిస్తే ఒక రైతుతోనో ఒక వ్యాపారితోనో మిల్లు లెక్క ఏడాది పొడుగునా ఎలా నడిచిందో కనబడుతుంది. ఈ రెండు పుస్తకాలు నా పిల్లల చదువుకు పనికివస్తాయని అప్పట్లో ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

దాదాపు ఐదేళ్లుగా నా ఇద్దరు పిల్లలను నల్లగొండలో మా ఇంట్లోనే చదివిస్తున్నాను. అమ్మాయికి పన్నెండేళ్లు, అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఇంటి చదువు గురించి అడిగే తల్లులు ఎక్కువమంది మొదట అడిగేది టైంటేబుల్ ఎలా వేసుకోవాలని. ఏ గంటకు ఏ సబ్జెక్టు, ఎవరిని ముందు కూర్చోబెట్టాలి, వంట ఎప్పుడు చేయాలి అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనుక ఉన్న భయం నాకు తెలుసు కాబట్టి తేలికగా తీసిపారేయను. అయినా నా అనుభవంలో ఇంటి చదువును నిలబెట్టింది రోజు గడిచాక రాసుకొనే లెక్క. ముందుగా రాసుకొనే టైంటేబుల్‌కు అందరూ ఇచ్చే విలువను నేను ఇవ్వలేను. ఎందుకు ఇవ్వలేనో వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉంది. అప్పటికే బడి పేరెత్తితే కడుపునొప్పి అనేది. కాలనీలన్నీ చుట్టి వెళ్లే బస్సులో గంట ప్రయాణం, ఇంటికి వచ్చాక రాత్రి తొమ్మిది దాకా హోంవర్కు. ఆరేళ్ల పిల్లకు పెన్సిల్ ఆనే చోట వేలి మీద కాయ కాచింది. బడి మూసిన ఏడాదిన్నరలో ఆ కడుపునొప్పి ఒక్కసారి కూడా రాలేదు, పైగా చేతికి దొరికిన పుస్తకమల్లా చదవడం మొదలుపెట్టింది. 2021 సెప్టెంబర్ 1న రాష్ట్రంలో బడులు మళ్లీ తెరిచినప్పుడు నేనూ మా ఆయనా ఎన్నో రాత్రులు మాట్లాడుకొని, పంపకూడదనే నిర్ణయానికి వచ్చాం. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న చర్చ ఇక్కడ పెట్టను, అది ఇంటికొక తీరుగా ఉంటుంది. నిర్ణయం తీసుకున్న మర్నాటి నుంచి ప్రతి ఉదయం ఎదురైన ప్రశ్నే నా విషయం: ఈరోజు ఏం చేయాలి, నిన్న ఏం చేశాం, ఏది మిగిలిపోయింది?

మొదటి నెలలో నేను కూడా అందరూ చేసే పనే చేశాను. ప్రకాశం బజారుకు వెళ్లి పెద్ద చార్టు, రంగు స్కెచ్ పెన్నులు కొనుక్కొచ్చి, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా, అన్నానికి ఒక అరగంట వదిలి, 45 నిమిషాల చొప్పున ఎనిమిది గడులు గీశాను. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో రంగు వేశాను. మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు లెక్కల వేళకు నల్లా వచ్చింది. మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఏ వేళకు వస్తుందో తెలియదు, వచ్చినప్పుడు పట్టుకోకపోతే రెండు రోజులు ఇబ్బంది. ఆ మర్నాడు అత్తమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ తరువాత ఊరి నుంచి చుట్టాలు దిగారు. రెండో వారం ముగిసేసరికి గోడ మీది చార్టు నేను ఏమేమి చేయలేదో గుర్తుచేసే కాగితంగా మిగిలింది. గడి తప్పిన రోజున మిగిలిన గడులు కూడా వదిలేసేదాన్ని. తొమ్మిదింటికి మొదలుకాని రోజు పదింటికి మొదలుపెట్టినా అది చదువే అని నాకు అప్పట్లో తోచలేదు.

బడిలో టైంటేబుల్ ఎందుకు ఉంటుందో తరువాత ఆలోచించాను. పది గదులు, ఎనిమిది మంది టీచర్లు ఉన్న చోట ఏ గంటకు ఎవరు ఏ గదిలో ఉండాలో ముందే తేల్చకపోతే బడి నడవదు. అంటే అది ఉన్న కొద్దిమంది టీచర్లను అన్ని గదులకూ పంచే ఏర్పాటు. భాగహారం 45 నిమిషాల్లో అర్థమవుతుందని, అర్థం కాకపోయినా 46వ నిమిషంలో హిందీలోకి వెళ్లడం పిల్లవాడికి మేలని ఎవరూ ఎక్కడా తేల్చి చెప్పలేదు. మా ఇంట్లో ఉన్నది ఇద్దరు పిల్లలు, ఒక వంటింటి బల్ల, నేను. పంచుకోవలసిన ఇబ్బందే లేని చోట ఆ పంపకాన్ని ఎందుకు నెత్తికెత్తుకున్నానా అనిపించింది. బడిని వద్దనుకొని బయటికి వచ్చిన తల్లిదండ్రులు మొదట చేసే పని బడి గంటను ఇంట్లో కట్టుకోవడమే కావడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. పిల్లల కోసం అంత పెద్ద నిర్ణయం తీసుకున్న తల్లి, గడులు నిండలేదన్న దిగులుతో నాలుగు నెలలకే చేతులెత్తేయడం నేను కళ్లారా చూశాను.

ఆ రోజుల్లోనే నాన్న మమ్మల్ని చూడడానికి వచ్చారు. గోడ మీది చార్టును చాలాసేపు చూసి, "మంచిగ రాసినవ్ బిడ్డా. ఇది రేపటి ముచ్చట. మరి నిన్నటి ముచ్చట ఏడ రాస్తున్నవ్?" అని అడిగారు. నిన్నటిది రాయడం ఎందుకు నాయినా, నాకు యాదికుంటది గదా అన్నాను. "యాది మీద మిల్లు నడిపితే ఆర్నెల్లల్ల మూతపడ్తది" అన్నారు. తిరిగి వెళ్లే ముందు బజారుకు పోయి, ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకాలు రెండు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టారు. చిట్టా రాసే పద్ధతి గురించి ఆయన నాకు చెప్పినవి మూడే మాటలు. ఏ రోజుది ఆ రోజే రాయాలి. బేరం లేని దినమైనా తారీఖు వేయాలి. రాసింది కొట్టివేయకూడదు, తప్పు పడితే కింద సవరణ పద్దు రాయాలి.

ఇప్పటికీ ఈ మూడు మాటల మీదే మా ఇంటి చదువు నడుస్తున్నది. రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక పది నిమిషాలు కూర్చుంటాను. తారీఖు వేసి, ఒక్కొక్కరికి రెండు మూడు వరుసలు రాస్తాను. మొదట్లో నేను రాసిన పద్దులు ఇప్పుడు చదివితే అవి ఎందుకూ కొరగావని తెలుస్తుంది. "లెక్కలు: బాగా చేశాడు." "తెలుగు: పరవాలేదు." ఏం చేశాడో, ఎక్కడ ఆగాడో అందులో లేదు. అవి నన్ను నేను సముదాయించుకోవడానికి, చుట్టాలు అడిగితే చూపించడానికి రాసినవి. మిల్లు చిట్టాలో "వడ్లు బాగా వచ్చినవి" అని ఎవరూ రాయరు, ఎన్ని బస్తాలో రాస్తారు. ఆ సంగతి గ్రహించాక పొగడ్త, తిట్టు రెండూ మాని, పిల్లవాడు చేసింది చేసినట్టు, అన్నది అన్నట్టు రాయడం నేర్చుకున్నాను.

ఆ తేడా ఎంత పెద్దదో ఒక ఉదాహరణతో చెబుతాను. మా అబ్బాయి ఏడేళ్ల వయసులో రెండంకెల తీసివేతలు చేస్తున్నప్పుడు ఒక రాత్రి "43 లోంచి 17 తీస్తే 34 అన్నాడు" అని రాశాను. నాలుగు రోజుల తరువాతి పద్దు "52 లోంచి 28: 36." మరో వారానికి "61 లోంచి 35: 34." ఏ రోజుకు ఆ రోజు చూస్తే అవి పిల్లవాడి పరధ్యానంగానే కనిపించాయి, ఆ రోజు సరిదిద్ది ముందుకు పోయాను. ఆదివారం మూడో పద్దును ఆవర్జాలో లెక్కల ఖాతాలోకి మొదటి రెండింటి కింద ఎక్కించినప్పుడు నా చేయి ఆగిపోయింది. పిల్లవాడు పరధ్యానంగా లేడు, ఎంతో నిష్ఠగా ఒకే పద్ధతి పాటిస్తున్నాడు. పై అంకె చిన్నదైతే కింది అంకెలోంచి దాన్ని తీసేస్తున్నాడు: 7 లోంచి 3 పోతే 4, 8 లోంచి 2 పోతే 6, 5 లోంచి 1 పోతే 4. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమనే మాట వాడికి ఎన్నిసార్లు చెప్పినా అది మాటగానే ఉండిపోయింది. మర్నాడు చీపురు పుల్లలు విరిచి, పదేసి పుల్లలకు ఒక్కో రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టాం. నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు వాడి ముందు పెట్టి పదిహేడు పుల్లలు ఇవ్వమన్నాను. మూడు పుల్లలు ఇచ్చి, ఇంకేమీ లేక, కాసేపు కట్టల వంక చూసి, ఒక కట్ట రబ్బరు తానే విప్పాడు. ఆ రాత్రి చిట్టాలో "కట్ట విప్పాడు" అని రెండు మాటలే రాశాను.

ఇదే సంగతి బడిలో జరిగి ఉంటే మూడు లెక్కలకూ మూడు ఎర్ర గుర్తులు పడేవి, మార్కులు తగ్గేవి. ఇంట్లోనైనా చిట్టా లేకపోతే నాకూ తెలిసేది కాదు. తల్లికి పిల్లల గురించి అన్నీ తెలుస్తాయని అంటారు గాని, చదువు విషయంలో తల్లి జ్ఞాపకం మంచి సాక్షి కాదు. నిన్న పిల్లవాడు నవ్వుతూ చేసిన పని గుర్తుంటుంది, పది రోజుల కింద తప్పించుకున్న పని గుర్తుండదు. రెండో ఏడాది ఆవర్జాలో హిందీ ఖాతా తిరగేస్తే చివరి పద్దుకూ ఆ రోజుకూ మధ్య ఏడు వారాలు ఖాళీగా ఉంది. వారానికి రెండు సార్లైనా హిందీ చేస్తున్నామని దేవుడి మీద ఒట్టు వేసి చెప్పేదాన్ని. అబద్ధం చెప్పే ఉద్దేశం నాకు లేదు, అలా చేస్తున్నామనే నిజంగా నమ్మాను. హిందీ నాకు ఇష్టం లేని సబ్జెక్టు. నా అయిష్టమే పిల్లల చదువులో ఏడు వారాల గండి కొట్టిందని ఆ ఖాళీ పేజీ చెప్పింది.

చిట్టా నుంచి ఆవర్జాకు ఎక్కించే పని ఆదివారం పొద్దున అరగంట పడుతుంది. తెలుగు, ఇంగ్లీషు, హిందీ, లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రం, చేతిపనులు, ఇంటిపని అని ఖాతాలు పెట్టుకున్నాను. ఇక్కడే ఇంటి చదువుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి వస్తుంది. ఇంట్లో జరిగే చదువు సబ్జెక్టుల వారీగా జరగదు. పానగల్ మాకు దగ్గరే, ఒక శీతాకాలం ఉదయం పిల్లలతో ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాం. కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం అది, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. ఒక గర్భగుడిలో శివలింగం వెనుక స్తంభం నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలిచి ఉంటుంది. అది ఏ స్తంభం నీడో కనిపెడతానని మా అమ్మాయి మంటపంలో ఒక్కో స్తంభం పక్కనా నిలబడి చేయి అడ్డం పెట్టి చూసింది. ఏ ఒక్క స్తంభం దగ్గరా తేలలేదు. అబ్బాయి మంటపాన్ని అడుగులతో కొలిచాడు. ఇంటికి వచ్చి చీకటి చేసి, స్టీలు గ్లాసులను స్తంభాలుగా నిలబెట్టి, రెండు టార్చి లైట్లు రెండు వైపుల నుంచి వేసి చూశాం. వెలుగు ఒకే దిక్కు నుంచి వస్తే దీపం కదిలినప్పుడల్లా నీడ కదులుతుందని, ఇరువైపుల నుంచీ స్తంభాల సందుల్లోంచి చెదిరి వచ్చే వెలుగులో నీడ నడుమ నిలబడుతుందని వాళ్లకు అందినంత అందింది. ఇప్పుడు దీన్ని ఏ ఖాతాలో రాయాలి?

నాన్నను ఫోన్‌లో అడిగాను. ఒక లారీ వడ్లు దిగితే రైతు ఖాతాలో ఒక పద్దు, హమాలీ ఖాతాలో ఒక పద్దు, లారీ కిరాయి ఖాతాలో ఒక పద్దు పడతాయని, చిట్టాలో మాత్రం అది ఒకటే సంఘటన అని చెప్పారు. అలాగే పానగల్ ప్రయాణం చిట్టాలో నాలుగు వరుసలు, ఆవర్జాలో సైన్సుకు ఒకటి, సాంఘికానికి ఒకటి, లెక్కల్లో కొలతలకు ఒకటి. టైంటేబుల్‌లో ఈ రోజు మొత్తం "సెలవు" అని పడి ఉండేది. ఇదే నేను మళ్లీ మళ్లీ చెప్పదలచిన మాట: ముందుగా గీసిన గడి తన రంగు ఉన్న చదువును మాత్రమే గుర్తుపడుతుంది, ఆ తరువాత రాసే పద్దు ఏ వేషంలో వచ్చిన చదువునైనా పట్టుకుంటుంది.

నాగార్జునసాగర్ సంగతి కూడా అంతే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు ఎడమ కాలువ నీళ్లే మా పుట్టింటి వైపు వరి పొలాలకు ఆధారం, మా నాన్న పనిచేసిన మిల్లుకూ ఆధారం. శ్రీశైలం నుంచి వరద వదిలారని తెలిసిన రోజు నుంచి మా అమ్మాయి పత్రికలో సాగర్ నీటిమట్టం చూసి గళ్ల కాగితం మీద చుక్క పెట్టడం మొదలుపెట్టింది. పూర్తి మట్టం 590 అడుగుల దగ్గర ఎర్ర గీత గీసింది. గీత వైపు చుక్కలు ఒక రోజు నిటారుగా, ఒక రోజు వాలుగా ఎందుకు పోతున్నాయో దానికదే అడిగింది. 26 గేట్లలో ఎన్ని ఎత్తారో రాసుకుంది. గ్రాఫు పాఠం నేను ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. వరద ఏ వారం వస్తుందో జూన్‌లో కూర్చొని ఎవరు టైంటేబుల్ వేయగలరు?

అయితే వేళలు అసలే వద్దని నేను అనడం లేదు. మా ఇంట్లో రెండు పనులకు వేళ ఉంది. పొద్దున టిఫిన్ అయిన వెంటనే లెక్కలు, ఆ తరువాత గట్టిగా తెలుగు చదవడం. ఈ రెండూ రోజూ కొంచెం కొంచెంగా చేస్తేనే వచ్చేవి, పొద్దెక్కితే జారిపోయేవి. మిగిలినవన్నీ రోజును బట్టి నడుస్తాయి.

నా మాటకు అటువైపు నుంచి వచ్చే అభ్యంతరం కూడా ఉంది. పిల్లలు తమంతట తాము నేర్చుకుంటారు, బడి నుంచి బయటపడి కూడా రిజిస్టరు రాయడం ఎందుకు, ప్రతి ఆటనూ పద్దుగా మారిస్తే ఆట చచ్చిపోదా అని కొందరు తల్లిదండ్రులు మనస్ఫూర్తిగా అడుగుతారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. చూస్తున్నారని తెలిస్తే పిల్లల తీరు మారుతుంది. అందుకే పగలు పిల్లల ముందు పుస్తకం తెరవను, మార్కులు వేయను, ఇద్దరినీ పోల్చే మాట ఒక్కటి కూడా రాయను, పిల్లలు ఎప్పుడైనా తీసి చదివినా నొచ్చుకోని మాటలే రాస్తాను. కాని అసలు రాయకపోవడాన్ని ఒప్పుకోలేను. తమంతట తాము నేర్చుకుంటున్నారని మనకు ఎలా తెలుస్తుంది? చూస్తేనే కదా. చూసింది రాయకపోతే నాకు హిందీ విషయంలో జరిగినట్టే, చూశామన్న నమ్మకం మాత్రమే మిగులుతుంది. స్వేచ్ఛ ఇచ్చామని అనుకుంటూ నిజానికి పట్టించుకోవడం మానేసిన రోజులు నా ఇంట్లోనూ ఉన్నాయి, అవి ఎన్నో నాకు తెలిసింది చిట్టా వల్లనే.

ఇంకో కారణం మరింత బరువైనది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరి చదువు గురించి మాట్లాడుతుంది. పిల్లలను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ అంటుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు ఏ శిక్షా ఆ చట్టంలో లేదు. ఇంటి చదువును విడిగా గుర్తించి, దానికి నియమాలు పెట్టిన ఏర్పాటు కూడా అందులో లేదు. కాబట్టి మా ఇంటికి వచ్చి ఈ ఏడాది ఏం చెప్పావమ్మా అని అడిగే ఇన్‌స్పెక్టరు ఎవరూ ఉండరు. దీన్ని వెసులుబాటుగా చూసేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం అడిగేవారు లేని చోట రాసిపెట్టవలసిన బాధ్యత రెట్టింపు అవుతుందనిపిస్తుంది. రేపు పిల్ల బడికి వెళ్తానంటే, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. చేరిన రోజున ఆ టీచరుకు ఈ పిల్లకు ఏది వచ్చు, ఏది రాదు అన్నది ఎవరు చెప్పాలి? ఇంటి నుంచే పరీక్ష రాస్తానంటే, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ గాని, మన తెలంగాణ ఓపెన్ స్కూల్ గాని పదో తరగతి స్థాయికి 14 ఏళ్లు నిండిన పిల్లలను చేర్చుకుంటాయి. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు ఉంటుంది, ఏడాదికి రెండు సార్లు పరీక్షలు జరుగుతాయి, ఐదు సబ్జెక్టులు పాసైతే చాలు, అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు ఉంటాయి. ఏ ఐదు సబ్జెక్టులు తీసుకోవాలన్నది మా అమ్మాయికి ఇంకా రెండేళ్లలో తేలాలి. ఆ సంగతి నా ముచ్చటను బట్టి గాని, పక్కింటివారి సలహాను బట్టి గాని తేల్చలేను. ఐదేళ్ల ఆవర్జా ముందు పెట్టుకొని, ఏ ఖాతాలో పద్దులు తమంతట తాము పెరిగాయో, ఏ ఖాతాలోకి తోసుకుంటూ పోయామో చూసి ఇద్దరం కలిసి తేలుస్తాం.

కాగితాల గురించి చెప్పవలసింది తక్కువ. తారీఖు లేని కాగితం మా ఇంట్లో ఉండదు. కుడివైపు పై మూలన తారీఖు వేయనిదే బొమ్మకూ లెక్కకూ మొదలు లేదు. నెలాఖరున ఒక్కో ఖాతాకు రెండు మూడు కాగితాలు ఉంచి, ట్యాగు వేసి, రేకు పెట్టెలో పెడతాం. మిగిలినవి పాత పేపర్లతో పోతాయి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్ రూపంలో ఉచితంగానే దొరుకుతాయి, ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉన్నవి మాకు చాలా ఉపయోగపడ్డాయి. రంగు రంగుల డబ్బాలు, లేబుళ్లు కొనడం వల్ల ఇల్లు సర్దినట్టు ఉంటుంది, చదువు సర్దుకోదు.

నిరుడు వానాకాలంలో నాకు డెంగీ జ్వరం వచ్చి పన్నెండు రోజులు మంచం దిగలేదు. మామూలుగా అయితే అమ్మ పడుకుంటే ఇంటి చదువు పడుకుంటుంది, ఎందుకంటే ఎవరు ఎక్కడ ఆగారో అమ్మ తలలో తప్ప ఇంకెక్కడా ఉండదు. మా ఆయన మొదటి రోజు సాయంత్రం చిట్టా తెరిచి, వెనక రెండు వారాలు చదివి, పిల్లలతో కూర్చున్నారు. పగటిపూట ఆయన పనికి వెళ్తే అత్తమ్మ కూర్చునేది. ఆమెకు చదువు రాదు. అబ్బాయి చిట్టా చదివి వినిపించేవాడు, ఆమె విని, "అయితే ఇయ్యాల ఆ భాగారాలే చెయ్యి, నేను సూస్త" అనేది. ఆ పన్నెండు రోజుల పద్దులు మూడు చేతిరాతల్లో ఉన్నాయి. ఇంటి చదువు భారమంతా తల్లి మీద పడుతుందని అందరూ అంటారు, అది నిజం. ఆ భారంలో పెద్ద భాగం చెప్పడంలో లేదు, అన్నీ గుర్తుపెట్టుకోవడంలో ఉంది. తలలో ఉన్నది పుస్తకంలోకి దిగితేనే ఇంకొకరు చేయి వేయగలరు. భర్తలు సాయం చేయరని బాధపడే తల్లులకు నేను గౌరవంగా అడిగేది, చేయాలనుకున్న మనిషికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసే దారి ఇంట్లో ఉందా అని.

పని జరగని రోజులు కూడా చిట్టాలో ఉన్నాయి. "పెళ్లికి హాలియా. ఏమీ లేదు." "కరెంటు లేదు, ఎండ, పడుకున్నాం." చెరువుగట్టు జాతర రెండు రోజులు. అలాంటి రోజుకు తారీఖు వేసి ఒక్క మాట రాయడం మొదట్లో కష్టంగా ఉండేది, తప్పు ఒప్పుకున్నట్టు అనిపించేది. నాన్న బేరం లేని దినానికి కూడా తారీఖు ఎందుకు వేయమన్నారో ఏడాది గడిచాక తెలిసింది. రాసిన ఖాళీ రోజులను లెక్కపెట్టవచ్చు, లెక్కపెడితే అవి నేను భయపడినన్ని లేవు. బతుకమ్మ తొమ్మిది రోజులూ మొదటి ఏడాది "ఏమీ లేదు" అని రాశాను. తరువాతి ఏడాది తంగేడు, గునుగు, కట్ల పూలు ఏ గట్టు మీద దొరుకుతాయో, ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా ఏ రోజు ఏ నైవేద్యమో, ఏ పాట ఎన్ని చరణాలు వచ్చిందో అమ్మాయి చెబుతుంటే రాస్తూ పోయాను, పేజీ చాలలేదు.

పోయిన దసరా నుంచి మా అమ్మాయి తన చిట్టా తానే రాస్తున్నది. నేను నాది మానలేదు. ఆదివారం రెండూ పక్కపక్కన పెట్టుకొని ఆవర్జాకు ఎక్కిస్తాం. మొన్న ఒక ఆదివారం రెండు పుస్తకాల్లోనూ మంగళవారం దగ్గర ఆగాం. నా చిట్టాలో "అమ్మాయి: మధ్యాహ్నం ఏమీ చేయలేదు. ఫోన్‌లో గంట" అని ఉంది. దాని చిట్టాలో అదే రోజు ఇలా ఉంది: "తాతతోని మాట్లాడిన. బస్తా 40 కిలోలు. తేమ 17 శాతం దాటితే కొనరు. సర్కారుకు క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం ఇయ్యాలె. మిగిలిన 33 ఏమైతయి అని అడిగిన. ఊక, తవుడు, కొన్ని నూకలు."

నా పద్దును కొట్టివేయలేదు. దాని కింద ఆదివారం తారీఖు వేసి, "మంగళవారం పద్దు తప్పు. శాతాలు, తాత దగ్గర" అని సవరణ రాశాను. అమ్మాయి ఆవర్జాలో లెక్కల ఖాతా తెరిచి, శాతాల కింద కొత్త వరుసలో 67 అని, దాని పక్కన 33 అని రాసి, ఆ 33లో ఊక ఎంతో, తవుడు ఎంతో తాతను అడిగి వచ్చే ఆదివారానికి నింపుతానని రెండు గడులు ఖాళీగా వదిలింది.